పావు సెకను మౌనం

విజ్ఞాన శాస్త్రం దూరాన్ని జయించినదని ఉపన్యాస వేదికల మీద తరచు వింటుంటాము. వ్యాసరచన పోటీలలో విద్యార్థులు ఈ వాక్యాన్ని మొదటి పేరాలోనే వ్రాస్తారు. ప్రపంచం ఒక కుగ్రామమైనదనే మరొక వాక్యం దాని వెంటనే వస్తుంది. రెండూ వినసొంపైనవే గాని, మొదటిది మాత్రం నిజం కాదని మా అభిప్రాయం. దూరం పోలేదు. తగ్గి తగ్గి పావు సెకనై కూర్చున్నది. ఆ పావు సెకను ఎవరిని ఎంత ఇబ్బంది పెడుతున్నదో ఆలోచించినవారు తక్కువ.

తెలుగు చెప్పుకొనే మేము ఉపగ్రహాలను గూర్చి వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఇది ఇంజనీర్లకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. మాటకూ మాటకూ నడుమ ఉండే విరామానికి సంబంధించినది. విరామాన్ని గూర్చి మాట్లాడే అధికారం యతిస్థానాలు నేర్పేవారికి కొంతైనా ఉంటుంది గదా!

సందేశం పంపడమూ, జవాబు కొరకు ఎదురుచూడడమూ మన సాహిత్యాలకు కొత్త కాదు. తెలుగు కావ్యాలలో హంస రాయబారం నడిపినది. సంస్కృత కవి మేఘాన్ని పంపినాడు. మన కళాశాలలో పక్క గదిలో పాఠం చెప్పే ఉర్దూ శాఖవారిని అడిగితే, గజల్‌లో ‘ఖాసిద్’ అనే వార్తాహరుడు లేనిదే ప్రేమ నడవదంటారు. వాడు వెళ్ళడం మీద ఒక షేర్ ఉంటే, వాడు తిరిగి రాకపోవడం మీద పది ఉంటాయి. అయితే ఆ ఎదురుచూపులలో ఒక మేలున్నది. ఆలస్యమౌతున్నదని ఎదురుచూచేవారికి తెలుసు. జవాబు రాకపోతే దారి దూరమనో, వార్తాహరుడు బద్ధకస్తుడనో అనుకొనేవారు. ఉపగ్రహం తెచ్చిన ఆలస్యం ఆ జాతిది కాదు. అది మన కంటికి గడియారంలో కనబడదు. చెవికి మాత్రం తగులుతుంది. కనుక దానికి కారణం దారి అని ఎవరికీ తోచదు.

ముందు లెక్క చెప్పుకొందాము. 1945 అక్టోబరులో ‘వైర్‌లెస్ వరల్డ్’ అనే ఆంగ్ల పత్రికలో ఆర్థర్ సి. క్లార్క్ ఒక వ్యాసం ప్రచురించారు. భూమి తన చుట్టూ తాను తిరిగే కాలంలోనే ఒక ఉపగ్రహం కూడా భూమధ్యరేఖకు పైన ఒక చుట్టు తిరిగితే, కింద నుండి చూచేవారికి అది ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లు కనబడుతుంది. అటువంటివి మూడున్నచో ప్రపంచమంతటికీ వార్తలు అందించవచ్చునని అందులోని ఆలోచన. ఆ భూస్థిర కక్ష్య భూమికి 35,786 కి.మీ. ఎత్తున ఉన్నది. అంతకన్న కిందికి తెస్తే ఉపగ్రహం భూమిని మించి పరుగెడుతుంది, పైకి తీసికొనిపోతే వెనుకబడుతుంది. ఎత్తును నిర్ణయించినది ప్రకృతి గాని మనిషి కాదు. రేడియో తరంగం వేగం సెకనుకు 2,99,792 కి.మీ.; అదీ ప్రకృతి నిర్ణయమే. ఉపగ్రహానికి సరిగా కింద నిలిచిన మనిషి పలికిన మాట పైకి వెళ్ళి కిందికి దిగడానికి 71,572 కి.మీ. ప్రయాణం చేయాలి. అందుకు 0.239 సెకను పడుతుంది. ఉపగ్రహం దిగంతాన కనిపించే ప్రదేశాల మధ్య అయితే 0.278 సెకను దాకా పోతుంది. స్థూలంగా పావు సెకను అనుకొంటే చాలు. అడిగిన మాట పోవడానికి ఒక పావు, చెప్పిన జవాబు రావడానికి మరొక పావు, వెరసి అర సెకను.

వెలుతురు ప్రయాణానికి కూడా కాలం పడుతుందని 11వ శతాబ్దంలోనే కైరో నగరంలో ఇబ్న్ అల్ హైసమ్ తన దృశ్శాస్త్ర గ్రంథంలో వాదించారు. దానికి ఆకాశం నుండి సాక్ష్యం తెచ్చినవారు డెన్మార్కు దేశీయుడైన ఓలె రోమర్. బృహస్పతి చుట్టూ తిరిగే అయో అనే ఉపగ్రహం గ్రహణవేళలు, బృహస్పతి మనకు దూరమైనప్పుడు ఆలస్యంగానూ, దగ్గరైనప్పుడు ముందుగానూ రావడం గమనించి, ఆ తేడా వెలుతురు ప్రయాణకాలమేనని 1676లో ఆయన ప్రకటించారు. ప్రకృతి పెట్టిన ఉపగ్రహం ఆనాడు మనకు బోధించిన సత్యానికి, మనం పెట్టిన ఉపగ్రహాలు ఈనాడు సుంకం వసూలు చేస్తున్నాయి.

ఈ సుంకం సంగతి ఇంజనీర్లకు మొదటినుండీ తెలుసు. 1962 జూలైలో ఎగిరిన ‘టెల్‌స్టార్’ తక్కువ ఎత్తున తిరిగినది గనుక దానిలో ఈ బాధ అంతగా లేదు. కాని అది ఆకాశంలో నిలువదు, ఉదయించి అస్తమిస్తుంది. ఎత్తైన కక్ష్యలో నిలకడ ఉన్నది, ఆలస్యమూ ఉన్నది. ఏది మేలనే వాదం అమెరికాలో కొన్నేళ్ళు గట్టిగానే సాగినది. 1963 ఆగస్టులో ‘సింకామ్-2’ మీదుగా అమెరికా అధ్యక్షుడు కెనెడీ, నైజీరియా ప్రధాని అబూబకర్ తఫావా బలేవాతో టెలిఫోనులో మాట్లాడారు. 1965 ఏప్రిల్ 6న ‘ఎర్లీ బర్డ్’ ఎగిరినది. వ్యాపారరీత్యా నిలకడే గెలిచినది.

ఆ రోజులలో జాప్యం కన్న ముందు జనాన్ని భయపెట్టినది ప్రతిధ్వని. ఇంటికి వచ్చే టెలిఫోను లైనులో రెండు తీగలు, దూరపు లైనులో నాలుగు తీగలు. రెండూ కలిసేచోట అవతలివాని గొంతు కొంత తిరిగి వెనుకకు జారుతుంది. పక్క ఊరితో మాట్లాడేటప్పుడు ఆ ప్రతిధ్వని మన మాటలోనే కలిసిపోయి తెలియదు. ఉపగ్రహం మీదుగా అయితే అర సెకను తరువాత మన గొంతు మనకే తిరిగి వినబడుతుంది. తన మాట తనకే ఆలస్యంగా వినబడినప్పుడు ఎంతటి వక్తకైనా నాలుక తడబడుతుంది. దీనికి మొదట కనిపెట్టిన మందు మోటైనది. ఒకరు మాట్లాడుతుండగా రెండవవారి దారిని మూసివేసే యంత్రం పెట్టారు. ప్రతిధ్వని పోయినది, దానితోపాటు మధ్యలో ‘ఊఁ’ కొట్టే సౌకర్యమూ పోయినది. ఊఁ కొట్టేవాడు లేనిదే కథ చెప్పలేని దేశం మనది; అటువంటి లైను మీద మనవారు ఎంత అవస్థ పడి ఉంటారో ఊహించుకోవచ్చును. మేలైన మందు 1960లలో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో తయారైనది. ప్రతిధ్వని ఏ రూపంలో తిరిగివస్తుందో యంత్రమే ఎప్పటికప్పుడు నేర్చుకొని, దానిని లెక్కగట్టి తీసివేసే పద్ధతి అది. దానిని రూపొందించినవారిలో ముఖ్యులు భారతదేశంలో జన్మించిన మన్ మోహన్ సోంధీ. ఈనాడు ప్రతి చేతిలోని టెలిఫోనులోనూ ఆ సూత్రం పనిచేస్తున్నది. ఈ పేరు మన పాఠ్యపుస్తకాలలో కనబడకపోవడం విచారకరం.

ప్రతిధ్వని పోయినది. జాప్యం పోలేదు, పోదు. యాంటెన్నా పెంచవచ్చు, విద్యుచ్ఛక్తి పెంచవచ్చు, గొంతు స్పష్టంగా వినబడేటట్లు చేయవచ్చు. ఆ అర సెకనును మాత్రం ఏ యంత్రమూ తీసివేయలేదు. ప్రతిధ్వని ఉన్నంతకాలం లైను బాగులేదని జనానికి తెలిసేది. అది పోయి గొంతు పక్క గదిలోనుండి వచ్చినంత స్పష్టమైన తరువాత లైనును అనుమానించేవారు లేకపోయారు. అనుమానం మనిషి మీదికి మళ్ళినది. మేము చెప్పదలచిన అసలు విషయం ఇక్కడ ఉన్నది.

ఇద్దరు మాట్లాడుకొనేటప్పుడు ఒకరి మాట ముగిసి రెండవవారి మాట మొదలు కావడానికి ఎంత వ్యవధి పడుతుంది? నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో తాన్యా స్టివర్స్, ఆమె సహచరులు పది భాషలవారి సంభాషణలను కొలిచి 2009లో ఫలితాలు ప్రకటించారు. అవును, కాదు అని చెప్పదగిన ప్రశ్నలకు జవాబు సగటున సెకనులో అయిదవ వంతు వ్యవధిలో వస్తున్నదట. జపాను వారు అందరికన్న త్వరగా, డెన్మార్కు వారు అందరికన్న నిదానంగా పలుకుతారు గాని, ఏ భాషవారూ ఆ సగటుకు పావు సెకనుకన్న ఎక్కువ దూరం జరగలేదు. ఆ పదింటిలో తెలుగు లేదు. అయినా మన భాష ఇందుకు మినహాయింపని అనుకొనడానికి కారణం కనబడదు. రైలులో ఎదుటి బల్ల మీద కూర్చున్నవారి మాటలు వింటే చాలు. ఆ పరిశోధనలోనే తేలిన మరొక సంగతి ఏమనగా, అవుననే జవాబు త్వరగా వస్తుంది, కాదనే జవాబు తడసి వస్తుంది. అంటే మౌనం ఖాళీ కాదు. అందులో అర్థమున్నది. ఎదుటివాడు నోరు విప్పకముందే ఆ జాగును బట్టి మనం జవాబును పసిగట్టుతాము. ఇది ఎవరూ నేర్పిన విద్య కాదు. పసితనంలో భాషతోపాటు పట్టుబడినది.

ఇప్పుడు ఈ రెండు లెక్కలనూ ఒకచోట చేర్చి చూడవలెను. 1980లలో కరీంనగరం, నిజామాబాదు, కడప జిల్లాలనుండీ, హైదరాబాదు పాతబస్తీనుండీ గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారి టెలిఫోనులనే తీసికొందాము. హైదరాబాదునుండి దుబాయి సుమారు రెండున్నర వేల కి.మీ. వెలుతురు ఆ దూరాన్ని సెకనులో నూరవ వంతులోపే దాటగలదు. కాని ఆనాడు మన విదేశీ సంభాషణలలో పెద్దభాగం ఉపగ్రహాల మీదుగానే నడిచేవి. పూణే వద్ద ఆర్వీ భూకేంద్రం 1971లో ప్రారంభమైనది. పక్కింటికి పోవడానికి హిమాలయం ఎక్కి దిగినట్లు, ఆ మాట డెబ్బది మూడు వేల కి.మీ. తిరిగి వచ్చేది.

తల్లి అడుగుతుంది: “పానం మంచిగున్నదా బిడ్డా?” ఆమె మాట ముగిసిన పావు సెకనుకు కొడుకు చెవిని చేరుతుంది. అతడు ఆలోచించకుండా, సెకనులో అయిదవ వంతు వ్యవధిలోనే “మంచిగున్న అమ్మా” అంటాడు. ఆ మాట ఆమెను చేరడానికి మరొక పావు సెకను. తల్లి లెక్కలో ప్రశ్నకూ జవాబుకూ నడుమ 0.7 సెకను గడిచినది. ఎదురుగా కూర్చున్న మనిషి నుండి రావలసిన వ్యవధికి ఇది మూడున్నర రెట్లు. మంచిగున్నాననే మాట వచ్చినది, కాని దాని ముందు వచ్చిన మౌనం కాదన్నది. తల్లి ఏది నమ్ముతుంది? కొడుకు ఏదో దాస్తున్నాడు. జబ్బు పడినాడో, జీతం రాలేదో, సేటు పాస్‌పోర్టు గుంజుకొన్నాడో! ఆమె ఆరా తీయడం మొదలుపెడుతుంది. కొడుకుకు ఇదేమీ తెలియదు. తన చెవిన పడిన వెంటనే తాను జవాబిచ్చినాడు. తాను వెంటనే చెప్పిన మాటకు తల్లి తడసి తడసి ఎందుకు పలుకుతున్నదని అతడూ అనుకొంటాడు. ఇంటివద్ద ఏదో జరిగినది, చెప్పడంలేదు. ఇద్దరూ సత్యమే పలికినారు, ఇద్దరికీ అనుమానం మిగిలినది. ఈ జాప్యంలోని విశేషం ఇదే. తన ఆలస్యం ఎవరికీ వినబడదు, ఎదుటివారిదే వినబడుతుంది.

కథ ఇంతటితో ఆగదు. తల్లి అర సెకను చూచి, జవాబు లేదనుకొని, “ఏమైందిరా?” అని మళ్ళీ అడుగుతుంది. అప్పటికే కొడుకు మాట దారిలో ఉన్నది. రెండు మాటలూ ఆకాశంలో ఒకదానినొకటి దాటుతాయి. ఆమె అడిగినది అతనికి వాక్యం మధ్యలో వినబడుతుంది, అతడు ఆగుతాడు. అతని మాట ఆమెకు వినబడుతుంది, ఆమె ఆగుతుంది. ఇద్దరూ ఆగినారని ఇద్దరికీ మరొక పావు సెకనుకు తెలుస్తుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, మళ్ళీ ఒకేసారి ఆగుతారు. ‘పహలే ఆప్’ అంటూ మర్యాదలు చేసికొని బండి తప్పిపోయిన లక్నో నవాబుల కథ అందరూ విన్నదే. నవాబులకు తీరిక ఉన్నది. మన కూలీ బిడ్డకు నిమిషానికింత అని మీటరు తిరుగుతున్నది.

ఇది మా ఊహ మాత్రమే కాదు. 2014లో జర్మనీలో కాత్రిన్ షోనెన్‌బర్గ్, ఆమె సహచరులు ఇటువంటి జాప్యమున్న లైన్ల మీద మనుషులను మాట్లాడించి చూచారు. లైను ఆలస్యాన్ని జనం లైనుకు కాక ఎదుటి మనిషి స్వభావానికి అంటగడుతున్నారని, శ్రద్ధలేనివాడని, స్నేహభావం లేనివాడని భావిస్తున్నారని వారు కనుగొన్నారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘంవారి సిఫారసు ప్రకారం ఒకవైపు జాప్యం 150 మిల్లీ సెకనులలోపు ఉండడం మంచిది, 400 దాటరాదు. భూస్థిర ఉపగ్రహం ఒక్క గెంతులో ఈ రెండు గీతల నడుమ నిలుస్తుంది.

దూరదర్శనిలో వార్తలు చూచేవారికి ఇది నిత్యానుభవం. స్టూడియోలోని వ్యాఖ్యాత ప్రశ్న వేస్తాడు. వరద నీటిలో నిలిచిన విలేఖరి తల ఊపుతూ నిర్వికారంగా నిలబడి ఉంటాడు. ఇంట్లో చూచేవారు నవ్వుతారు, ప్రశ్న అర్థం కాలేదేమో పాపం అంటారు. వార్తలు పంపే వ్యానులలో ఉపగ్రహం మీదుగా పనిచేసేవి చాలానే ఉన్నాయి. ప్రశ్న ఆ విలేఖరిని ఇంకా చేరలేదన్నమాట. వ్యాఖ్యాత కొంచెం ఓర్చుకొంటే సరిపోయేదానికి, రెండవ ప్రశ్న వేసి మొదటి జవాబును తుంచుతాడు. ఏళ్ళ తరబడి అదే వృత్తిలో ఉన్నవారికే పట్టుబడని సంగతి సామాన్యులకు ఎట్లా పట్టుబడుతుంది?

అన్ని పనులకూ ఈ జాప్యం చెరుపు కాదని కూడా చెప్పాలి. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఏటిఎస్-6 ఉపగ్రహం ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు ప్రసారమైనవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగులో కార్యక్రమాలు వచ్చినవి. వ్యవసాయాన్ని గూర్చిన పాఠం పావు సెకను ఆలస్యంగా వస్తే రైతుకు నష్టం లేదు. ఒకరు చెప్పగా వేలమంది వినే పనికి ఉపగ్రహాన్ని మించిన సాధనం ఇప్పటికీ లేదు. చిక్కు వచ్చేది వినేవాడు తిరిగి మాట్లాడినప్పుడే. విద్యకొరకే 2004 సెప్టెంబరులో ‘ఎడ్యుశాట్’ ఎగిరినది. విద్యార్థులు ప్రశ్నలు అడిగే ఏర్పాటు అందులో ఉండేది. అధ్యాపకుడు “సందేహాలున్నాయా?” అని అడిగి, ఒక సెకను చూచి, లేవనుకొని ముందుకు సాగితే, మారుమూల కేంద్రంలోని పిల్లవాని ప్రశ్న ఆకాశంలోనే ఉండిపోతుంది. బెదురుగల పిల్లలు మొదటి నుండీ ఒక అర సెకను వెనుకాడేవారే. లైను మరొక అర సెకను కలిపితే వారి వంతు ఎన్నటికీ రాదు. వెంటనే అరిచేవాడే తెలివిగలవాడౌతాడు. తరగతి గదిలో ఉన్నవారికి ఇది కొత్త విషయం కాదు.

చంద్రుడు, అంగారకుడు మొదలైన దూరాలకు పోయినవారు జాప్యాన్ని ఎట్లా గౌరవించారో చూస్తే ముచ్చట వేస్తుంది. 1970 నవంబరులో సోవియట్ దేశంవారు చంద్రుని మీద ‘లునోఖోద్-1’ అనే బండిని దించి భూమి మీదనుండి నడిపారు. చంద్రుడు 3,84,400 కి.మీ. దూరాన ఉన్నాడు. బండివాడు చూచేది గడిచిన దృశ్యం. అతడు ఇచ్చే ఆజ్ఞ చేరేసరికి బండి మరికొంత ముందుకు పోయి ఉంటుంది. రాకపోకలకు రెండున్నర సెకనులు. పైగా వారికి వచ్చేవి ఉండి ఉండి మారే నిశ్చల చిత్రాలు. మెల్లగా నడిపారు, ఆగి చూచారు, పదిన్నర కి.మీ. నడిపారు. 2014 సెప్టెంబరు 24న మన మంగళయానం అంగారకుని కక్ష్యలో ప్రవేశించినప్పుడు సంకేతం రావడానికి సుమారు పన్నెండున్నర నిమిషాలు పట్టినది. అక్కడ సంభాషణకు తావు లేదని ఒప్పుకొని, చేయవలసినదంతా ముందే నౌకకు చెప్పి ఉంచారు. బెంగుళూరులో కూర్చున్నవారు ఫలితం కొరకు వేచి ఉన్నారు. ఆ పన్నెండు నిమిషాలలో నౌక మాట వినడంలేదని ఎవరూ దాని మీద కోపగించలేదు. యంత్రానికి ఇచ్చిన ఈ మర్యాదను మనం మనిషికి ఇవ్వడంలేదు.

ఎక్కడ ఇవ్వాలి? ఉద్యోగానికి ముఖాముఖి పరీక్షలు ఇప్పుడు తెరల మీద జరుగుతున్నాయి. అభ్యర్థి చురుకుదనానికి మార్కులు వేసే కాగితం పెద్దల ముందు ఉంటుంది. ఉపగ్రహపు లైను మీద కూర్చున్న అభ్యర్థి ప్రతి జవాబుకూ ముందు అర సెకను మందకొడితనం ఉచితంగా వచ్చి చేరుతుంది. న్యాయస్థానాలలో సంగతి ఇంకా తీవ్రమైనది. వీడియో ద్వారా సాక్ష్యం తీసికొనవచ్చునని సుప్రీంకోర్టు 2003లో ప్రఫుల్ దేశాయ్ కేసులో తీర్పు చెప్పినది. అది మంచి తీర్పే. సాక్షి ప్రవర్తనను గూర్చి న్యాయాధిపతి తన అభిప్రాయం వ్రాసి ఉంచే సంప్రదాయం కూడా మన క్రిమినల్ ప్రక్రియలో ఉన్నది. ఎదురు ప్రశ్న వేసినప్పుడు సాక్షి తడబడినాడని వ్రాస్తే, ఆ తడబాటులో లైనుది ఎంత, సాక్షిది ఎంత? లైను జాప్యాన్ని విచారణకు ముందు కొలిచి ఆ కాగితం మీదనే వ్రాయించాలని మేము కోరుతున్నాము. కొలవడం కష్టం కాదు, నిమిషం పని.

ఈ సమస్య త్వరలో తానే పోతుందని చెప్పేవారున్నారు. వారి మాటలో కొంత నిజమున్నది. సముద్రగర్భంలో వేసిన కాంతితంతువులు మన విదేశీ సంభాషణలను ఉపగ్రహాల మీదనుండి ఏనాడో దించివేసినవి. దుబాయి కొడుకుకూ కరీంనగరం తల్లికీ ఇప్పుడు ఆ పాత బాధ లేదు. ఉన్న జాప్యం టెలిఫోను యంత్రాలూ, వాటి లెక్కలూ కలిపేది. తక్కువ ఎత్తున తిరిగే ఉపగ్రహాలూ వచ్చినవి. ‘స్టార్‌లింక్’ సుమారు 550 కి.మీ. ఎత్తున, ‘వన్‌వెబ్’ 1,200 కి.మీ. ఎత్తున ఉన్నాయి. వన్‌వెబ్ ఉపగ్రహాలలో డెబ్బది రెండింటిని 2022 అక్టోబరులోనూ, 2023 మార్చిలోనూ మన శ్రీహరికోట నుండే పంపారు. వీటిలో జాప్యం బాగా తక్కువ. కాని భూస్థిర కక్ష్యలో మూడు చేసే పనికి అక్కడ వందలు, వేలు కావలెను. అవి ఎగురుతూ ఉండాలి, రాలుతూ ఉండాలి, మళ్ళీ పంపుతూ ఉండాలి. ఆ ఖర్చు చందాదారునిదే. పేద కేంద్రాలకు చాలాకాలం పాత ఉపగ్రహమే గతి.

ఎవరికి ముందు పోయినది, ఎవరికి ఇంకా మిగిలినదనేది ఇక్కడ అడగవలసిన ప్రశ్న. అండమాను దీవులలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. చెన్నైనుండి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రగర్భ తంతువు 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా వారి మాటలకు ఉపగ్రహమే ఆధారం. లక్షద్వీపాలకు కొచ్చి నుండి తంతువు 2024 జనవరిలో గాని ప్రారంభం కాలేదు. నగరాలు కాంతితంతువుల మీద మాట్లాడుకొన్న ఇరవై, ముప్పై ఏళ్ళూ దీవులవారు పావు సెకను వెనుక ఉన్నారు.

పల్లెలలోని చిన్న డిష్ కేంద్రాల సంగతి మరీ విచిత్రం. వాటిలో చాలా ఏర్పాట్లు నక్షత్రం ఆకారంలో ఉంటాయి. నగరంలోని పెద్ద కేంద్రం నడుమ, చిన్న కేంద్రాలు చుట్టూ. పల్లె నుండి నగరానికి మాట పోవాలంటే ఒక గెంతు. పల్లె నుండి మరొక పల్లెకు పోవాలంటే మాట పైకి పోయి నగరంలో దిగి, మళ్ళీ పైకి పోయి పల్లెలో దిగుతుంది. రెండు గెంతులు, ఒకవైపే అర సెకను. పైన చెప్పిన 400 గీత దాటిపోయినది. ప్రశ్నకూ జవాబుకూ నడుమ ఒక సెకనుకు పైగా మౌనం. గిరిజన ప్రాంతంలోని ఇద్దరు ఆరోగ్య కార్యకర్తలు పరస్పరం మాట్లాడుకొనడం, ఇద్దరూ విడివిడిగా నగరంలోని అధికారితో మాట్లాడడంకన్న కష్టమౌతుందన్నమాట. రెండు చిన్న కేంద్రాలు నడుమ నగరం లేకుండా సూటిగా కలిసే పద్ధతి లేకపోలేదు. దానికి కొంచెం పెద్ద యాంటెన్నా, కొంచెం ఎక్కువ శక్తిగల పరికరం కావాలి. అంచనాలు వేసేటప్పుడు అధికారులు మొదట కొట్టివేసే పద్దు అదే. వినబడుతున్నది గదా, ఇంకేమి కావాలని వారి వాదన. వినబడడం వేరు, మాట్లాడుకొనడం వేరు. ఆ కేంద్రాలకు టెండరు పిలిచేటప్పుడు యాంటెన్నా వ్యాసంతోపాటు, ఒక కేంద్రంనుండి మరొక కేంద్రానికి మాట చేరడానికి ఎన్ని మిల్లీ సెకనులు పట్టవచ్చునో కూడా ఒక గడిలో అడగాలి.